పీహెచ్‌డీ ప్రవేశానికి నెట్ మార్కులు సరిపోతాయా? చరిత్ర, సామాజిక శాస్త్రాల అభ్యర్థుల చర్చ

తొలిఏరు:
అందరికీ నమస్కారం. నేను ఒక రాష్ట్ర విశ్వవిద్యాలయంలో చరిత్రలో ఎం.ఏ. రెండో సంవత్సరం చదువుతున్నాను. ఆ తరువాత పీహెచ్‌డీకి దరఖాస్తు చేయాలని ఉంది. 2024 మార్చిలో యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) ఇచ్చిన ప్రకటన ప్రకారం విశ్వవిద్యాలయాలు విడిగా ప్రవేశపరీక్ష పెట్టకుండా నెట్ (జాతీయ అర్హత పరీక్ష) మార్కులనే వాడుకోవచ్చు. నెట్‌లో జేఆర్ఎఫ్ (నెలనెలా డబ్బు ఇచ్చే పరిశోధన ఫెలోషిప్) వచ్చినవారిని ఇంటర్వ్యూతో తీసుకుంటారు. మిగిలిన రెండు వర్గాల వారికి, అంటే సహాయ ఆచార్య పదవికీ పీహెచ్‌డీకీ అర్హులైనవారికి, పీహెచ్‌డీకి మాత్రమే అర్హులైనవారికి, నెట్ మార్కులకు 70 శాతం, ఇంటర్వ్యూకు 30 శాతం విలువ ఇస్తారు, ఆ మార్కులు ఒక్క సంవత్సరమే చెల్లుతాయి. మా సీనియర్లలో కొందరు ఈ ఏడాదంతా నెట్‌కే కేటాయించమంటున్నారు, మరికొందరు పరిశోధన ప్రతిపాదన ముందు సిద్ధం చేసుకోమంటున్నారు. 1926లో మొదలైన గోల్కొండ పత్రిక 1948 వరకు వెట్టిచాకిరీ గురించి ఏమి రాసిందన్నది నేను ఎంచుకున్న అంశం. నా సంగతి అలా ఉంచి, నెట్ మార్కులతో ప్రవేశాలు జరపడం మన శాస్త్రాలకు మేలు చేస్తుందా అన్నది కూడా పెద్దలు చెప్పగలరు.

కృష్ణాతీరం:
మేలే చేస్తుంది. అందరికీ ఒకే ప్రశ్నపత్రం, దిద్దేది యంత్రం, వచ్చిన మార్కులు అందరికీ కనబడతాయి. ఇంతకుముందు ఏమి జరిగేదో తెలియనివారికి చెబుతున్నాను. యూజీసీ 2016 నిబంధనల ప్రకారం రాతపరీక్షలో 50 శాతం వస్తే అర్హత మాత్రమే దక్కేది, సీటు ఎవరిదన్నది ఇంటర్వ్యూ గదిలో తేలేది. నేను ఒక విశ్వవిద్యాలయంలో రాతపరీక్షలో మా విభాగంలోకెల్లా ఎక్కువ మార్కులు తెచ్చుకున్నాను. ఇంటర్వ్యూలో నా ప్రతిపాదన గురించి ఒక్క ప్రశ్న కూడా వేయలేదు. ఎం.ఏ.లో ఎవరి శిష్యుడివి, మీ నాన్నగారు ఏం చేస్తారు, ఇప్పుడు చెప్పిందే ఇంగ్లీషులో మళ్లీ చెప్పు అన్నారు. మా నాన్న తాపీ పని చేస్తారని చెప్పాను. తుది జాబితాలో నా పేరు లేదు. ఇది నా ఒక్కడి గోడు కాదు. ఢిల్లీలోని జేఎన్‌యూలో (జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయం) అబ్దుల్ నఫే అధ్యక్షతన వేసిన సంఘం రాత మార్కులకూ మౌఖిక మార్కులకూ మధ్య వచ్చే తేడాల్లో సామాజిక వర్గాల వారీగా ఒక పోకడ ఉందని గుర్తించి, మౌఖికానికి ఉన్న 30 మార్కులను 15కు తగ్గించమని 2016లో సిఫారసు చేసింది. అందువల్ల నెట్ పద్ధతిలో ఇంటర్వ్యూకు ఇచ్చే ఆ 30 శాతం కూడా తీసివేయాలన్నది నా అభిప్రాయం.

ఓరుగల్లు:
జేఆర్ఎఫ్ వస్తే నెలకు 37,000 రూపాయలు, రాకపోతే రాష్ట్ర విశ్వవిద్యాలయంలో చేతి ఖర్చుతో చదవాలి. ముందు నెట్ రాయండి చెల్లీ.

పాతసంపుటి:
తొలిఏరు గారికి, మీ అంశం చూసి చాలా సంతోషించాను. ఇరవై ఏళ్లకు పైగా చరిత్ర బోధిస్తున్నవాడిగా ఈ విషయంలో నాకు గట్టి అభిప్రాయం ఉంది. నెట్‌లో మూడు గంటల్లో 150 ప్రశ్నలు, 300 మార్కులు; తప్పు జవాబుకు మార్కులు కోయరు. అందులో 100 మార్కుల మొదటి పేపరులో బోధనా సామర్థ్యం, తర్కం, పట్టికల లెక్కలు, కంప్యూటర్ పరిజ్ఞానం ఉంటాయి. రెండో పేపరులో రాజవంశాలను సంవత్సరాలతో, గ్రంథాలను రచయితలతో జతపరచాలి. ఒక అభ్యర్థి రెండు పేజీలు సొంతంగా రాయగలరా, ఒక ఆధారాన్ని చూసి దీన్ని ఎవరు, ఎవరి కోసం, ఎందుకు రాశారని అడగగలరా అన్నది ఆ పరీక్షలో ఎక్కడా తెలియదు.

మీ అంశాన్నే తీసుకోండి. హైదరాబాద్ రాజ్యంలో 1880ల నుంచి పాలనా భాష ఉర్దూ. పత్రిక ఏమి రాసిందో తెలుగులో దొరుకుతుంది కానీ, ఆ రాతకు ప్రభుత్వం ఎలా స్పందించిందో తెలియాలంటే తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌లో ఉర్దూ దస్త్రాలు తిరగేయాలి. మీకు ఉర్దూ వచ్చా, రాకపోతే నేర్చుకునే ఓపిక ఉందా అని అడగవలసింది మీ పర్యవేక్షకులు కాబోయేవారే. 2016 నిబంధనల్లో కూడా ఇంటర్వ్యూలో చూడవలసినవి మూడుండేవి: ఆ పరిశోధన చేయగల సామర్థ్యం అభ్యర్థికి ఉందా, దానికి తగిన వసతి ఆ సంస్థలో ఉందా, దానివల్ల కొత్త జ్ఞానం వస్తుందా. ఇవి అడగకుండా ఎవరినైనా ఐదారేళ్ల పనికి చేర్చుకోవడం ఆ విద్యార్థికే అన్యాయం. సంక్షిప్త వ్యాసాలతో రాతపరీక్ష, ప్రతిపాదన, దాని మీద ఇంటర్వ్యూ, ఈ మూడూ ఉండాలి.

కృష్ణాతీరం:
ఆ వ్యాసాలు దిద్దేది ఎవరు సార్? నా ప్రశ్న అంతే.

పాతసంపుటి:
విభాగంలోని ఆచార్యులే దిద్దుతారు. జవాబుపత్రం మీద పేరు ఉండదు, అంకె మాత్రమే ఉంటుంది. ఇద్దరు విడివిడిగా దిద్దవచ్చు.

కృష్ణాతీరం:
పేరు లేకపోయినా ఇంగ్లీషు కనబడుతుంది. నేను డిగ్రీ దాకా తెలుగు మాధ్యమంలో చదివాను. బహుళైచ్ఛిక ప్రశ్నను ఇంగ్లీషులో చదివి సరైన జవాబు గుర్తించడం నాకు ఒక్క ఏడాదిలో పట్టుబడింది. అదే విషయం మీద ఇంగ్లీషులో రెండు పేజీలు తప్పుల్లేకుండా రాయడం ఇప్పటికీ కష్టమే. మీరు నెట్‌ను బట్టీ పరీక్ష అంటున్నారు, కానీ నాలాంటి వాళ్లకు బట్టీతో దాటగలిగిన గోడ అదొక్కటే. మిగతా గోడలు దాటడానికి చిన్నప్పటి బడి కావాలి, ఇంట్లో పుస్తకాలు కావాలి. జేఎన్‌యూ ప్రవేశపరీక్ష 2019లో వ్యాసాల పద్ధతి మాని బహుళైచ్ఛిక పద్ధతికి మారినప్పుడు ఎందరో బాధపడ్డారు, నేను మాత్రం బాధపడలేదు.

నల్లమల:
కృష్ణాతీరం గారు, నెట్ సమానమైన పరీక్ష అంటున్నారు కాబట్టి ఒక మాట. భాషా సబ్జెక్టులు మినహా నెట్ ప్రశ్నపత్రం ఇంగ్లీషులోనూ హిందీలోనూ మాత్రమే ఉంటుంది. బీహార్‌లో హిందీ మాధ్యమంలో చదివిన విద్యార్థి చరిత్ర పేపరును తన భాషలో చదువుకుంటాడు, నల్గొండ విద్యార్థికి ఆ అవకాశం లేదు. మన సెట్ (రాష్ట్ర స్థాయి అర్హత పరీక్ష) లో చరిత్ర, రాజనీతి శాస్త్రం వంటి పేపర్లు తెలుగులోనూ ఇస్తున్నారు కానీ సెట్‌తో జేఆర్ఎఫ్ రాదు.

ఓరుగల్లు:
2024 జూన్ 18న తొమ్మిది లక్షల మందికి పైగా నెట్ రాశారు, మర్నాడే పరీక్ష రద్దయింది. ఆగస్టు, సెప్టెంబరుల్లో మళ్లీ రాయించారు. అన్నిటికీ ఒకే పరీక్షను నమ్ముకుంటే ప్రవేశాలన్నీ ఒకేసారి ఆగిపోతాయి.

కృష్ణాతీరం:
పరీక్ష నిర్వహణలో లోపం వేరు, పరీక్ష పద్ధతి వేరు. రద్దయిన పరీక్షను మళ్లీ పెట్టారు. నన్ను తీసివేసిన ఇంటర్వ్యూను మళ్లీ ఎవరూ పెట్టలేదు.

దూరదేశి:
నేను అమెరికాలో మానవశాస్త్రంలో పీహెచ్‌డీ చేస్తున్నాను. ఇక్కడ నా దరఖాస్తులో లక్ష్య ప్రకటన, ఎం.ఏ.లో రాసిన ఒక పరిశోధన వ్యాసం, మూడు సిఫారసు లేఖలు చూశారు. జీఆర్ఈ అనే ప్రవేశపరీక్ష మార్కులు అడగడం చాలా విభాగాలు మానేశాయి. విద్యార్థి రాసినదాన్ని ఆచార్యులు కూర్చుని చదువుతారు. మన దగ్గర కూడా అలా ఎందుకు ఉండకూడదు?

కృష్ణాతీరం:
ఆ మూడు సిఫారసు లేఖలు నాకు ఎవరు రాస్తారండీ? మా కళాశాలలో చరిత్రకు ఉన్నది ఒక్క అతిథి అధ్యాపకుడు. ఆయన కూడా మధ్యలోనే వెళ్లిపోయారు.

పాతసంపుటి:
కృష్ణాతీరం గారు ప్రతి మాటనూ తన ఇంటర్వ్యూ దగ్గరికే తీసుకువెళుతున్నారు. ఆ రోజు ఆ గదిలో జరిగింది తప్పే. నాన్నగారి వృత్తి అడిగినవారు ఆ కుర్చీలో కూర్చోవడానికి తగరు. అయితే ఒక గదిలో జరిగినదాన్ని బట్టి దేశంలోని ఆచార్యులందరినీ ఇంటర్వ్యూ నుంచి తొలగించాలనడం సబబు కాదు. నా దగ్గర నెట్‌లో చాలా మంచి మార్కులతో చేరిన విద్యార్థి మూడేళ్లు గడిచాక కూడా ఒక అధ్యాయం పూర్తి చేయలేక, చివరకు ఉద్యోగం వచ్చి వెళ్లిపోయారు. ఆ సీటు మరొకరికి దక్కలేదు. యూజీసీ 2022 నిబంధనల ప్రకారం ఆచార్యులు ఎనిమిది మందిని, సహ ఆచార్యులు ఆరుగురిని, సహాయ ఆచార్యులు నలుగురిని మాత్రమే తీసుకోగలరు. పదవీ విరమణకు మూడేళ్ల లోపు ఉన్నవారు కొత్తవారిని తీసుకోకూడదు. ఖాళీలు భర్తీ కాని విభాగాల్లో ఏడాదికి రెండు మూడు సీట్లు కూడా ఉండవు. అటువంటప్పుడు పరిశోధన మీద మనసు లేనివారు, నెల నెలా వచ్చే డబ్బు కోసం చేరేవారు ఆ సీట్లు తీసుకుంటే ఊరుకోవాలా?

కృష్ణాతీరం:
డబ్బు కోసం చేరేవారు అన్నారు. ఈ మాట కోసమే ఇంతసేపు ఎదురుచూశాను. అవును సార్, నేను డబ్బు కోసం కూడా చేరదలచాను. ఐదేళ్ల పాటు నెల నెలా ఫెలోషిప్ వస్తే మా చెల్లెలి చదువు ఆగదు, మా నాన్న మోకాళ్ల నొప్పితో సారువ ఎక్కవలసిన పని ఉండదు. జీతం చూసుకుని ఉద్యోగంలో చేరినవారిని పని మీద మనసు లేదని ఎవరూ అనరు. ఆచార్యులు కూడా జీతం తీసుకునే పాఠం చెబుతున్నారు. కేంద్రీయ విశ్వవిద్యాలయాల్లో నెట్ లేని పరిశోధకులకు ఇచ్చే 8,000 రూపాయలను కూడా 2015లో ఆపాలని చూస్తే విద్యార్థులు ఢిల్లీలో యూజీసీ కార్యాలయం ముందు రోజుల తరబడి బైఠాయించారు. వాళ్లకు కూడా పరిశోధన మీద మనసు లేదంటారా? కడుపు నిండినవారికే జ్ఞానదాహం ఉంటుందని మీరు నేరుగా అనలేదు, కానీ మీ మాట అక్కడికే చేరుతోంది.

నల్లమల:
ఇద్దరూ కాస్త నెమ్మదించండి. అడిగిన అమ్మాయి ఇక్కడే ఉంది.

పాతసంపుటి:
నేను ఆ అర్థంతో అనలేదు. నా తండ్రి కూడా కౌలు రైతే. మీరు నొచ్చుకున్నారని తెలుస్తోంది కాబట్టి నా మనసులో ఉన్నది దాచకుండా చెబుతాను. నా బాధ నెట్ గురించి కాదు. మన ఊళ్ల గురించి, మన రైతుల గురించి, మన పత్రికల గురించి పరిశోధించేవారు తగ్గిపోతున్నారు. వేటపాలెం సారస్వత నికేతనంలో, బాగ్‌లింగంపల్లి సుందరయ్య విజ్ఞాన కేంద్రంలో పాత సంపుటాలు చదివేవారి కోసం ఎదురుచూస్తున్నాయి. వాటిని చదవగలిగింది తెలుగు బాగా వచ్చిన మీలాంటి వారే. ఇంగ్లీషు వ్యాసం మీకు అడ్డమైతే ఆ వ్యాసాన్ని తెలుగులో రాయనివ్వాలని నేను అడుగుతాను. సిద్ధాంత గ్రంథం కూడా తెలుగులో రాయనివ్వాలి. అప్పుడు విభాగం ఎంపిక చేయడం మీకు వ్యతిరేకంగా కాక అనుకూలంగా పనిచేస్తుంది.

కృష్ణాతీరం:
మన అసలు తేడా ఇక్కడ ఉంది సార్. మీరు నన్ను తెలుగు ఆధారాలు చదవగలవాడిగా చూస్తున్నారు. నేను చేయదలచింది మా ఊరి మీద కాదు. హిందూ మహాసముద్రపు వర్తకం మీద, పదిహేడో శతాబ్దపు మచిలీపట్నంలోని డచ్చి వర్తకుల దస్త్రాల మీద పని చేయాలని ఉంది. దానికి డచ్చి భాష నేర్చుకోవాలి, హేగ్‌లోని ఆర్కైవ్స్‌కు వెళ్లాలి, ఇంగ్లీషులో రాయాలి. తెలుగు మాధ్యమంలో చదివినవాడు తెలుగు ప్రాంతం మీదే, తెలుగులోనే రాయాలని ఎవరూ నిర్ణయించకూడదు. నా అంశం మీకు నచ్చితేనే సీటు అన్న పద్ధతిలో నేను ఎప్పటికీ మీకు నచ్చే అంశమే రాసుకుని వస్తాను. నెట్ మార్కు నా అంశం ఏమిటని అడగదు.

పాతసంపుటి:
అడగకపోవడమే దాని లోపం అంటున్నాను. డచ్చి దస్త్రాల మీద పని చేయించగల పర్యవేక్షకులు లేని విభాగంలో మీరు మంచి మార్కులతో చేరితే, రెండేళ్ల తరువాత మీ అంశం మార్చుకోమంటారు. ఇంటర్వ్యూలోనే ఆ మాట చెప్పేవారుంటే మీ రెండేళ్లు మిగులుతాయి. తెలుగులో రాయడం గురించి మాత్రం నా అభిప్రాయం మారదు. ఎవరినీ బలవంతపెట్టమనడం లేదు, రాయదలచినవారికి దారి ఉండాలంటున్నాను.

తొలిఏరు:
ఇంత శ్రద్ధగా రాసినందుకు అందరికీ కృతజ్ఞతలు. నాకు ఉర్దూ చదవడం రాదు, ఈ విషయం ఇంతవరకు నాకు ఎవరూ చెప్పలేదు. డిసెంబరు నెట్ రాస్తాను, ఈలోగా ఉర్దూ లిపి నేర్చుకోవడం మొదలుపెడతాను. ఆంధ్ర మహాసభ 1930లో జోగిపేటలో మొదటిసారి సమావేశమైన దగ్గర నుంచి ఆ సభల వార్తలు పత్రికలో ఎలా వచ్చాయన్న దానికే అంశాన్ని కుదించితే నయమా?

పాతసంపుటి:
కుదించండి, చాలా నయం. ప్రతిపాదన నాకు పంపితే చదివి సూచనలు రాస్తాను.

కృష్ణాతీరం:
సార్, మీరు సహృదయంతో అన్నారని నాకు తెలుసు, అయినా ఒక మాట చెప్పక తప్పదు. ఈ అమ్మాయికి ఈ సాయం మీ పరిచయం వల్ల దొరికింది. రేపు ఇంటర్వ్యూలో ఆమె ప్రతిపాదన పక్కన, ఎవరూ చదివి పెట్టని ప్రతిపాదన ఒకటి ఉంటుంది. ఆ రెండింటినీ పక్కపక్కన పెట్టి ప్రతిభ కొలుస్తామంటేనే నాకు అభ్యంతరం. చదివేదేదో ఇక్కడే, అందరికీ కనబడేలా చదవండి.

పాతసంపుటి:
అలాగే చేద్దాం. తొలిఏరు గారూ, ప్రతిపాదన ఇక్కడే పెట్టండి. కృష్ణాతీరం గారూ, మచిలీపట్నం మీద మీరు రాసింది కూడా పెట్టండి. ఇంటర్వ్యూ ఉండాలా వద్దా అన్నది ఆ తరువాత మళ్లీ వాదించుకోవచ్చు.