ప్లాస్టిక్ సర్జరీ ఎంసీహెచ్: సీటు ఎంచుకునేటప్పుడు ఏం చూడాలి?

నమస్కారం. మాది శ్రీకాకుళం జిల్లా పలాస. ఎంఎస్ జనరల్ సర్జరీ చివరి సంవత్సరంలో ఉన్నాను. తర్వాత నీట్ ఎస్ఎస్ ప్రవేశ పరీక్ష రాసి, మూడేళ్ల సూపర్ స్పెషాలిటీ కోర్సు అయిన ఎంసీహెచ్ ప్లాస్టిక్ సర్జరీలో చేరాలని గట్టి పట్టుదల.

ప్లాస్టిక్ సర్జరీ అంటే ముక్కు తీర్చిదిద్దడమేనని ఇంట్లోవాళ్లు ఇప్పటికీ అనుకుంటున్నారు. నా మనసంతా చేతుల మీదే ఉంది. జీడిపప్పు ఒలిచే మా అత్త వేళ్లు జీడి రసానికి నల్లబడి, చర్మం పొరలుగా ఊడుతుంది. కాలిన గాయం మానాక వేళ్లు అరచేతి వైపు ముడుచుకుపోయి, అన్నం కలుపుకోలేక వచ్చేవాళ్లను చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది.

ఈ దారిలో నడిచిన పెద్దలు దయచేసి చెప్పండి. విశాఖలోని ఆంధ్ర వైద్య కళాశాల నాకు దగ్గర. ఇంటికి దగ్గరని చేరడం మంచిదా, చేతి శస్త్రచికిత్సలు ఎక్కువగా జరిగే చోటు ఎంత దూరమైనా వెళ్లాలా? తెగిన వేలు అతికించేటప్పుడు మిల్లీమీటరు వెడల్పుండే రక్తనాళాన్ని రెసిడెంట్ (శిక్షణలో ఉన్న డాక్టర్) చేత కుట్టిస్తారా, పక్కన నిలబడి చూడటమేనా? నాకు అన్నిటికన్నా ముఖ్యం ఇదే.

ఇంకొకటి. కోడి తొడలోని రక్తనాళాల మీద, వెంట్రుక కన్నా సన్నని 10-0 దారంతో సాధన మొదలుపెట్టాలనుంది. మైక్రోస్కోపు అందుబాటులో లేదు. లూపులతో (కళ్లజోడులా పెట్టుకునే భూతద్దాలు) మొదలుపెడితే చెయ్యి కుదురుతుందా, తర్వాత వదలని తప్పుడు అలవాట్లు పడతాయా?

స్టైపెండ్, హాస్టల్ సంగతులు నేను కనుక్కుంటాను. ఆపరేషన్ థియేటర్లో మీకు దొరికిన పని గురించి వివరంగా రాయండి.