ఇన్వర్టర్ లైటు వేస్తే ఆర్‌సీసీబీ పడిపోతోంది

ప్రశ్న (బొబ్బిలి): అయ్యా, మా డాబా ఇంటికి గత నెలలో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సరఫరాను తెంచే స్విచ్) పెట్టించాను. కరెంటు ఉన్నప్పుడు ఇన్వర్టర్ లైనులోని లైటు వేస్తే చాలు, అది పడిపోతోంది (ట్రిప్ అవుతోంది). ఎంసీబీలు (ఫ్యూజులకు బదులు వాడే స్విచ్‌లు) ఉన్నాయి కనుక దీన్ని తీసేయమని ఎలక్ట్రీషియన్ అంటున్నాడు. తీసేయవచ్చునా?

జవాబు (శ్రీకాకుళం): తీయించకండి. ఎంసీబీ ఓవర్‌లోడుకూ షార్ట్ సర్క్యూట్‌కూ పడుతుంది గాని, మనిషి ఒంటి గుండా భూమిలోకి పోయే కొద్దిపాటి కరెంటును పట్టించుకోదు. ఫేజులో వెళ్లిన కరెంటు అంతా న్యూట్రల్‌లో తిరిగి రాలేదని గమనించి సరఫరాను తెంచేది ఆర్‌సీసీబీయే. మీ ఇన్వర్టర్ లైనుకు ఫేజు ఆర్‌సీసీబీ తరువాత నుంచి, న్యూట్రల్ దానికి ముందు నుంచి తీసుకున్నారని నా అనుమానం; అప్పుడు తిరిగి వచ్చే కరెంటు దాని గుండా పోదు కనుక, లీకైనట్టే లెక్కగట్టి పడిపోతుంది.

జవాబు (విజయనగరం): నాదీ అదే అనుమానం. అయితే ఫేజునూ న్యూట్రల్‌నూ ఒకేసారి పట్టుకున్న మనిషిని కాపాడటం ఆర్‌సీసీబీ వల్ల కాదు, అది ఎర్తింగుకు బదులూ కాదు. టెస్టు బటన్‌ను అప్పుడప్పుడు నొక్కి చూడండి.

ప్రశ్న అడిగినవారు: బోర్డు విప్పించాను. ఇన్వర్టర్ నల్ల తీగను (న్యూట్రల్) మీటరు నుంచి వచ్చే న్యూట్రల్‌కే మెలిపెట్టి, పైన టేపు చుట్టి ఉంచారు. దాన్ని ఆర్‌సీసీబీ తరువాతి న్యూట్రల్‌కు మార్పించాక నిన్నటి నుంచి ఒక్కసారి కూడా పడలేదు.