ప్రసాదపర్యంతమా, ప్రాసాదపర్యంతమా?

పలకాబలపం: రాజ్యాంగం 156వ అధికరణం హిందీ పాఠంలో గవర్నర్ గురించి ఉన్న మాట రెండు రోజులుగా నన్ను వదలడం లేదు. ‘రాష్ట్రపతి ప్రసాదపర్యంతం’ పదవిలో ఉంటాడనా, ‘ప్రాసాదపర్యంతం’ అనా? నా పాత నోట్సులో ‘ప్ర’కు దీర్ఘం స్పష్టంగా ఉంది. రాజ్‌భవన్‌లో ఉన్నంతకాలం అనే అర్థంతోనే చదువుకున్నాను. దీనికి సరైన తెలుగు మాట ఏది?

తాళపత్రం: హ్రస్వమేనండీ. పాణిని సూత్రాలకు అనుబంధంగా చెప్పిన ‘సాదకారయోః కృత్రిమే’ వార్తికం గుర్తు చేసుకోండి. మనిషి కట్టినదైతేనే దీర్ఘం: ప్రాసాదం (మేడ), ప్రాకారం (ప్రహరీ). కట్టనివి ప్రసాదం, ప్రకారం. ఇక్కడ ప్రసాదం అంటే మనసు ప్రసన్నంగా ఉండడం; రాష్ట్రపతి మనసు ఎవరూ కట్టింది కాదు కదా.

చుక్కాని: దీర్ఘం సంగతి ఒప్పుకుంటాను. కానీ తెలుగులో ప్రసాదం అంటే చేతిలో పెట్టేదే గుర్తొస్తుంది. ‘ఇష్టం ఉన్నంతవరకు’ అంటే తేలిగ్గా అర్థమవుతుంది. అన్నట్టు గవర్నర్ అన్న మాటకు మూలం గ్రీకులో ఓడ నడిపేవాడు. మన ‘కర్ణధారుడు’ అచ్చం అదే. గవర్నర్‌కు హిందీలో వాడే ‘రాజ్యపాల్’ కంటే నాకు అదే నచ్చుతుంది.

తాళపత్రం: ‘ఇష్టం’ దగ్గరే నాకు పేచీ. నియామకం 155 కింద రాష్ట్రపతి సంతకం, ముద్రతో జరుగుతుంది. గడువు ఐదేళ్లు, అయినా మధ్యలో తీసేయవచ్చు. కారణం బయటకు చెప్పక్కర్లేదు కానీ, ఇష్టం వచ్చినట్టు తీసేయడానికి వీల్లేదని సుప్రీంకోర్టు 2010లో సింఘాల్ కేసులో చెప్పింది. కేంద్రంలో ప్రభుత్వం మారడం ఒక్కటే కారణం కాకూడదని కూడా. అలాంటప్పుడు ‘ఇష్టం’ అని రాస్తే తీర్పుకు ఎదురు నడిచినట్టే. ‘ప్రసాదం’లో ‘ప్ర’ చేరిన సద్ ధాతువు ఉంది, తేటపడడం అని. చిల్లగింజ అరగదీసి కలిపిన నీళ్లలో మట్టి అడుక్కి దిగి పైన తేట నిలుస్తుందే, అదీ ప్రసాదం. కావ్యాల్లో ప్రసాద గుణం, అంటే అర్థం తేటగా తెలియడం, అన్నా ఇదే.

చుక్కాని: మరి 164లో? మంత్రులు ‘గవర్నర్ ప్రసాదపర్యంతం’ ఉంటారని అక్కడా ఇదే మాట. సభలో మెజారిటీ ఉన్న మంత్రివర్గానికి గవర్నర్ మనసు తేటగా ఉందో లేదో ఎందుకు? ఒకే మాట రెండుచోట్ల రెండు బరువులు మోస్తోంది.

నిమ్మచెట్టు: విరాటపర్వంలో ధౌమ్యుడు పాండవులకు రాజసేవ ఎలా చేయాలో చెప్పే ఘట్టం ఒక్కసారి తెరవండి. రాజు ఇంటికంటే అందంగా ఇల్లు కట్టుకోకూడదంటాడు. రాజు ప్రసన్నత మీద ఆధారపడి బతికేవాడి టెన్షన్ తిక్కనకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. మంత్రిగా కొలువు చేసినవాడు కదా! ఆ పద్యాలు చదివాకే నాకు 156 అర్థమైంది.

తాళపత్రం: తిక్కన సరే, గవర్నర్ సేవకుడు కాదండీ. ప్రజలే నేరుగా ఎన్నుకోవాలన్న ప్రతిపాదన మొదట ఉండేది. ముఖ్యమంత్రితో పోటీ వస్తుందని 1949లో రాజ్యాంగ సభ నియామకం వైపు మొగ్గింది.

నిమ్మచెట్టు: ఆ ఎన్నిక జరిగి ఉంటే ప్రసాదం మాటే పుట్టేది కాదు. ధౌమ్యుడి మాటలు మాత్రం ఇప్పటికీ పనికొస్తాయి.

పలకాబలపం: నోట్సులో దీర్ఘం కొట్టేశాను. ‘అనుగ్రహం ఉన్నంతకాలం’ అని రాయనా, ‘ప్రాపు ఉన్నంతకాలం’ అనా?

చుక్కాని: ‘ప్రాపు’లో ఆశ్రయం ఉంది, తేట లేదు.

నిమ్మచెట్టు: తిక్కన అయితే ‘దయ’ అనేవాడు.