కొత్త కంపెనీ మూడు చక్రాల కారుకి 50 వేలు అడ్వాన్సు కట్టొచ్చా? (విశాఖ)

సీతమ్మధార_స్కూటర్:
రెండు సీట్ల మూడు చక్రాల ఎలక్ట్రిక్ కారుకి ఒక కొత్త కంపెనీ బుకింగులు తీసుకుంటోంది. ముందు రెండు చక్రాలు, వెనక ఒకటి. బ్యాటరీ 13 కిలోవాట్ అవర్లు, ఒక ఛార్జికి 180 కి.మీ. అంటున్నారు. 10 వేలు కడితే ఎప్పుడడిగినా వెనక్కి ఇస్తారట. 50 వేలు కడితే వెనక్కి రాదు గానీ బండి ధరలో 75 వేలుగా లెక్కేసి మొదటి బ్యాచ్‌లో ఇస్తారట. డెలివరీ వచ్చే ఏడాది అన్నారు, నెల చెప్పలేదు. విశాఖలో టెస్ట్ డ్రైవ్ లేదు. నా వాడకం రోజూ గాజువాక వెళ్లి రావడం, నెలకోసారి అరకు. కట్టాలంటే ఏమేం చూసుకోవాలి?

రశీదు_ముందు:
50 వేల స్కీము జోలికి వెళ్లకండి. అమెరికాలో ఎలియో మోటార్స్ అనే మూడు చక్రాల కారు కంపెనీ ఇలాంటిదే పెట్టింది. డబ్బు వెనక్కి అడగనని ఒప్పుకుని కట్టినవాళ్లకి సగం అదనంగా జమ చేస్తామంది. 65 వేల మందికి పైగా బుక్ చేసుకున్నారు, ఒక్క కస్టమర్‌కీ కారు చేరలేదు. అక్కడిదే ఆప్టెరా అనే మూడు చక్రాల కార్ల పాత కంపెనీ కూడా 2011లో మూతపడింది. కాకపోతే అంతకుముందే బుకింగ్ డబ్బు తిరిగి ఇచ్చేసింది. మీరు పట్టుకోవాల్సిన తేడా అదే.

అడ్వాన్సు అంటే మీరు కంపెనీకి పూచీ లేకుండా ఇచ్చిన అప్పు. కంపెనీ దివాలాకి వెళ్తే ముందు దివాలా ప్రక్రియ ఖర్చులు, తర్వాత తాకట్టు ఉన్న బ్యాంకులూ కార్మికుల బకాయిలూ తీరుతాయి. అడ్వాన్సు కట్టినవాళ్ల వంతు బాగా వెనక. అందుకే కట్టకముందే కార్పొరేట్ వ్యవహారాల శాఖ పోర్టల్లో కంపెనీ అసలు పేరు కొట్టి చూడండి. బ్రాండు పేరు కాదు, రిజిస్టరైన పేరు. ఏ బ్యాంకుకి ఏం తాకట్టు పెట్టారో ఛార్జీల పట్టికలో (ఇక్కడ ఛార్జి అంటే తాకట్టు నమోదు) కనిపిస్తుంది. ఆఖరి బ్యాలెన్స్ షీట్‌లో కస్టమర్ల అడ్వాన్సుల అంకె, బ్యాంకులో నగదు అంకె పక్కపక్కన పెట్టి చూడండి. అడ్వాన్సులు 4 కోట్లు ఉండి నగదు 60 లక్షలే ఉందంటే మీ డబ్బు పక్కన పెట్టరు, జీతాలకి పోతుంది.

10 వేలు కట్టాలనుకుంటే క్రెడిట్ కార్డుతో కట్టండి, చెప్పిన తేదీకి సరుకు రాకపోతే బ్యాంకులో వివాదం వేయొచ్చు. దానికి గడువు ఉంటుంది కాబట్టి తేదీ దాటిన వారంలోనే వేయాలి. వ్యక్తి పేరు మీదున్న యూపీఐకి మాత్రం పంపకండి. రశీదులో కంపెనీ పూర్తి పేరు, "కోరిన ఇన్ని రోజుల్లో పూర్తిగా వాపసు" అన్న మాట, డెలివరీ ఆఖరి తేదీ ఉండాలి. సరుకు కోసం తీసుకున్న అడ్వాన్సుని 365 రోజుల్లో ఆ సరుకుకి సర్దకపోతే 2014 నాటి డిపాజిట్ రూల్స్ కింద దాన్ని డిపాజిట్‌గా చూస్తారు. 11వ నెలలో ఆ రూలు గుర్తుచేస్తూ మెయిల్ పెడితే కంపెనీ వాళ్లు పలుకుతారు.

కంచరపాలెం_ఛాసిస్:
డబ్బు సంగతి పైన చెప్పారు. బండి విషయంలో ముందు అడగాల్సింది టైప్ అప్రూవల్ సర్టిఫికెట్ కాపీ, అంటే ఆ మోడల్‌ని పరీక్షించి రూల్స్ ప్రకారం ఉందని ఇచ్చే కాయితం. పుణేలో ఏఆర్ఏఐ, మానేసర్‌లో ఐక్యాట్ లాంటి సంస్థలు ఇస్తాయి. "టెస్టింగ్‌కి ఇచ్చాం" అంటే సర్టిఫికెట్ వచ్చినట్టు కాదు. అది లేకుండా మాధవధార ఆర్టీఓ ఆఫీసులో రిజిస్ట్రేషన్ జరగదు. మూడు చక్రాలంటే మామూలుగా ఎల్5 కేటగిరీ, అంటే ఆటోల కేటగిరీ. ఆకుపచ్చ ప్లేటు మీద తెల్ల అక్షరాలతో సొంత వాడకానికి ఇస్తారా, ఇన్సూరెన్స్ ఏ రేటులో పడుతుంది అన్నవి రాతపూర్వకంగా అడగండి. బ్యాటరీకి ఏఐఎస్-156 (బ్యాటరీ భద్రతా ప్రమాణం) సర్టిఫికెట్ వేరే ఉండాలి. భారత్ ఎన్‌క్యాప్ క్రాష్ రేటింగ్ కార్లకే తప్ప వీటికి వర్తించదు. బ్రోచర్‌లో "కారంత భద్రం" అని ఉంటే ఏ టెస్టు, ఏ వేగంలో చేశారో అడగండి.

తర్వాత బోల్తా లెక్క. ముందు రెండు చక్రాలు ఉండటం మంచిదే, మలుపులో బ్రేకు కొడితే బరువు రెండు చక్రాల వైపే పోతుంది. కానీ బరువు ముందుకి ఎంత ఉందన్నదే అసలు విషయం. ముందు చక్రాల మధ్య దూరం 130 సెం.మీ., బరువు కేంద్రం నేల నుంచి 50 సెం.మీ. అనుకోండి. 70 శాతం బరువు ముందుంటే, 130లో సగం 65, అందులో 70 శాతం అంటే 45.5, దాన్ని 50తో భాగిస్తే 0.91. మలుపులో పక్కకి తోసే బలం బండి బరువుకి అన్ని రెట్లయితే పల్టీ అన్నమాట. పొడి రోడ్డు మీద టైరు పట్టు సుమారు 0.8. అంటే బండి పల్టీ కొట్టే లోపు జారుతుంది, అది నయం. వెనక సామాను వేసి ముందు బరువు 55 శాతానికి పడిందా, లెక్క 0.71కి దిగుతుంది. ఇక జారకముందే పల్టీ. సస్పెన్షన్ వాలడం కలిపితే ఇంకా తగ్గుతుంది. ఇద్దరు మనుషులూ డిక్కీలో 30 కిలోలూ పెట్టి ముందు ఇరుసు మీద ఎన్ని కిలోలు, వెనక చక్రం మీద ఎన్ని కిలోలు తూగిందో అడగండి. ఆ రెండంకెలూ ఇవ్వలేని కంపెనీకి రూపాయి కట్టొద్దు.

ఇంకోటి, మీ అపార్టుమెంటు సెల్లార్ ర్యాంపు. తోసేది వెనక ఒక్క చక్రమే అనుకుందాం. దాని మీద మొత్తం బరువులో 35 శాతం పడుతుందనుకుంటే, తడి సిమెంటు మీద పట్టు 0.4 అయితే, 14 శాతం వాలు వరకే ఎక్కుతుంది. 6 అడుగులకి 1 అడుగు లేచే ర్యాంపు దాదాపు 17 శాతం. వానాకాలం చక్రం అక్కడే గిరగిరా తిరుగుతుంది. రివర్సులో ఎక్కడం ఇంకా కష్టం. మామూలు కారుతో గుంతని రెండు చక్రాల మధ్య నుంచి దాటించేస్తాం, దీనికి ఆ వీలు లేదు. మధ్య చక్రం లేన్ నడుమ కారిన ఆయిల్ మీదుగానే పోతుంది, పైకి లేచిన మ్యాన్‌హోల్ మూతలూ దానికే తగుల్తాయి.

సీతమ్మధార_స్కూటర్:
చాలా థాంక్స్ అండి. 180 కి.మీ. నిజమైతే అరకు ఒక్క ఛార్జితో వెళ్లొచ్చా?

గ్రిడ్_మీటర్:
ఒక వైపుకే కష్టం. 13 కిలోవాట్ అవర్లలో వాడుకునేది 11.7 అనుకోండి. ఏసీతో, హైవే వేగంలో కిలోమీటరుకి 90 వాట్ అవర్లు వేసినా అరకు దాకా 115 కి.మీ.కి 10.4 అవుతుంది. అరకు దాదాపు 900 మీటర్ల ఎత్తు. మనుషులతో 700 కిలోల బండిని అంత ఎత్తుకి లేపడానికే 1.7, నష్టాలతో 2. మొత్తం 12.4 కావాలి, మీ దగ్గర ఉన్నది 11.7. ఘాట్ మొదలయ్యే ముందు ఎస్.కోటలో 16 ఆంప్స్ సాకెట్ దొరికితే గంట పెట్టండి, సుమారు 3 ఎక్కుతుంది. అరకులో 100 శాతం నింపి దిగకండి. బ్యాటరీ నిండుగా ఉంటే రీజెన్ (దిగేటప్పుడు మోటారే బండిని ఆపుతూ కరెంటుని బ్యాటరీకి తిరిగి పంపడం) పనిచేయదు, భారమంతా బ్రేకుల మీద పడి వేడెక్కుతాయి. 85 దగ్గర ఆపేయండి.

మోటారు చక్రంలోనే ఉందా అని కూడా అడగండి. ఉంటే జ్ఞానాపురం వైపు నీళ్లు నిలిచినప్పుడు జాగ్రత్త. మోటారుకి ఐపీ67 అనే నీటి రక్షణ రేటింగ్ ఉందన్నా, అది కదలని మంచినీళ్లలో మీటరు లోతున 30 నిమిషాలు మాత్రమే. వేడెక్కిన మోటారు ఒక్కసారిగా చల్లటి నీళ్లలో పడితే లోపలి గాలి ముడుచుకుని, కేబుల్ బయటికొచ్చే సీలు దగ్గర నీటిని లాగుతుంది. బీచ్ రోడ్డు ఉప్పు గాలికి ముందు పోయేది కనెక్టర్ల పిన్నులే. స్పేర్లలో టైర్లు, బ్రేకు ప్యాడ్లు బయట దొరికే సైజులేనా, అద్దం, కంట్రోలర్ ఎక్కడి నుంచి ఎన్ని రోజుల్లో వస్తాయి, కంపెనీ సర్వర్ ఆగిపోతే తాళంతో బండి స్టార్టవుతుందా అన్నవి కూడా మెయిల్‌లో చేర్చండి.

సీతమ్మధార_స్కూటర్:
మెయిల్ పెడుతున్నాను: టైప్ అప్రూవల్ కాపీ, ఏఐఎస్-156 కాపీ, ఇరుసుల బరువులు, వాపసు రోజులు, డెలివరీ ఆఖరి తేదీ. వచ్చాకే 10 వేలు, అదీ కార్డుతో. తర్వాత ఇవ్వకపోతే కేసు వాళ్ల ఊళ్లో వేయాలా?

రశీదు_ముందు:
అక్కర్లేదు. 2019 వినియోగదారుల చట్టం ప్రకారం మీరు ఉండే ఊళ్లోనే, అంటే విశాఖ జిల్లా కమిషన్‌లోనే వేయొచ్చు. 5 లక్షల లోపు ఫీజు లేదు, గడువు 2 ఏళ్లు. ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నంబరు తీసుకోండి. మెయిల్‌కి "త్వరలో పంపుతాం" అని జవాబొస్తే ఏ తేదీ అని మళ్లీ అడగండి. కాయితాలు చేతికొచ్చేదాకా కార్డు బయటికి తీయకండి.