క్రూయిజ్‌లో ఎలివేటర్ కిందికి దిగి ఉంటోంది, పుష్‌రాడ్ సర్దితే సరిపోతుందా?

ప్రశ్న: సొంతంగా కట్టుకున్న రెండు సీట్ల విమానం. లెవెల్ ఫ్లైట్‌లో స్టిక్ వదిలితే ముక్కు లేస్తోంది, ట్రిమ్ (స్టిక్ మీద ఒత్తిడి తగ్గించే సర్దుబాటు) దాదాపు చివరిదాకా తిప్పాల్సి వస్తోంది. వెనక్కి తిరిగి చూస్తే ఎలివేటర్ (తోక రెక్క వెనక పైకీ కిందికీ కదిలే పలక) వెనక అంచు స్టెబిలైజర్ (కదలని అడ్డ తోక రెక్క) వరుస కంటే కిందికి ఉంది. పుష్‌రాడ్ (స్టిక్ కదలికను ఎలివేటర్‌కి చేర్చే కడ్డీ) చివరి మర, అంటే రాడ్ ఎండ్, రెండు చుట్లు తిప్పి పైకి తెద్దామనుకుంటున్నా.

జవాబు: దానికి చేయి పెట్టకండి. పుష్‌రాడ్ పొడవు మారిస్తే మారేది స్టిక్ నిలబడే చోటే, గాల్లో ఎలివేటర్ మళ్లీ తనకు కావలసిన కోణానికే పోతుంది, పైగా అటూ ఇటూ తిరిగే హద్దులు కూడా చెడతాయి. ముందు సీజీ (విమానం బరువు కేంద్రం) చూడండి, కాగితం మీద లెక్క కాదు, తూకం వేసి. సీజీ వెనక్కి ఉన్నా అచ్చం ఇలాగే ఉంటుంది.

ప్రశ్న: తూకం వేశానండీ, సీజీ మధ్యలోనే ఉంది.

జవాబు: అయితే స్టెబిలైజర్ ముందంచు కాస్త పైకి లేవాలి. దాని ముందు స్పార్ (లోపలి అడ్డ దూలం) కింద షిమ్ (పలుచని రేకు ముక్క) వేస్తారు. ముందు బోల్టుకీ వెనక బోల్టుకీ మధ్య 300 మిల్లీమీటర్లు ఉంటే 1.5 మిల్లీమీటర్ల షిమ్‌కి సుమారు 0.3 డిగ్రీలు మారుతుంది, అంటే చిన్న ముక్కే చాలా పని చేస్తుంది, ఒకేసారి మందంగా వేసేయకండి. లాంజెరాన్ (విమానం ఒంటి పొడవునా ఉండే దూలం) మీద ఒకసారి, స్టెబిలైజర్ మీద ఒకసారి డిజిటల్ లెవల్ పెట్టి తేడా రాసుకోండి, ఎడమా కుడీ రెండు వైపులా. షిమ్ వేశాక పాత బోల్టు పొడవు చాలకపోవచ్చు, నట్టు దాటి మర బయటికి కనిపించాలి. ఫిన్ (నిలువు తోక రెక్క) ముందు స్పార్ కూడా అక్కడే బిగించి ఉంటే దాన్నీ సర్దాలి. చివర్లో ఎలివేటర్ పైకీ కిందికీ ఎన్ని డిగ్రీలు తిరుగుతోందో మళ్లీ కొలిచి డ్రాయింగ్‌తో పోల్చండి. ఇవన్నీ డిజైనర్ ఇచ్చిన హద్దుల్లోనే.

ప్రశ్న: ఇంకోటి, విమానం పక్కకి జారుతోందో లేదో చూపే మీటర్లో బంతి కుడికి సగం బయటికి పోతోంది.

జవాబు: రడ్డర్ (ఫిన్ వెనక అటూ ఇటూ కదిలే పలక) వెనక అంచున ఎడమ వైపు చిన్న చెక్క వెడ్జ్ టేపుతో అంటించి ఎగిరి చూడండి. అవును, ఎడమ వైపే, చాలామంది ఇక్కడే తికమక పడతారు. గాలి దాన్ని కుడికి నెడుతుంది, రడ్డర్ కుడికి తిరుగుతుంది. ఎక్కువైతే కొంచెం కోసి పొట్టి చేయండి. బంతి మధ్యకొచ్చాక పక్కాది బిగించి, రడ్డర్ బ్యాలెన్స్ మళ్లీ చూసుకోండి, హింజ్ వెనక బరువు పెరిగితే ఫ్లట్టర్ (గాల్లో పలక విపరీతంగా అదరడం) భయం ఉంటుంది. రంగు వేసినా అంతే.