కొండను తవ్వి ఎలుకను పట్టడమేనా? 91 కిలోమీటర్ల కొత్త కొలైడర్ అవసరమా

చుక్కాని:
జెనీవా పక్కనున్న సెర్న్ పరిశోధన కేంద్రం ఇంకో పెద్ద కొలైడర్, అంటే కణాలను వేగంగా తిప్పి ఢీకొట్టించే యంత్రం, కట్టుకుంటానంటోంది. ఫ్యూచర్ సర్క్యులర్ కొలైడర్, పొట్టిగా ఎఫ్‌సీసీ. దాదాపు 91 కి.మీ. చుట్టుకొలతతో, సగటున 200 మీటర్ల లోతున సొరంగం. 2025 మార్చిలో వాళ్లే బయటపెట్టిన అధ్యయనం ప్రకారం మొదటి దశకు సుమారు 1,500 కోట్ల స్విస్ ఫ్రాంకులు. అది నడిచేది 2040ల చివర్లో. ప్రోటాన్లను ఢీకొట్టించే అసలు పెద్ద దశ 2070లలో.

సెర్న్‌లో ఇప్పుడున్న కొలైడర్ ఎల్‌హెచ్‌సీ 27 కి.మీ. మిగతా కణాలకు ద్రవ్యరాశి రావడంతో ముడిపడ్డ హిగ్స్ బోసాన్ అనే కణాన్ని 2012లో పట్టుకుంది, కాదనను. తర్వాత? తెలిసిన ప్రతి కణానికీ జోడీ ఉంటుందనే సూపర్‌సిమెట్రీ సిద్ధాంతం చెప్పిన కణాలు వరసగా వచ్చేస్తాయన్నారు, ఒక్కటీ రాలేదు. విశ్వంలో కంటికి కనిపించని డార్క్ మేటర్ జాడ తగలొచ్చన్నారు, తగల్లేదు. నాది ప్రాజెక్టుల ఖర్చులు చూసే ఉద్యోగం. "పోయినసారి చెప్పినవి రాలేదండీ, అందుకని ఈసారి మూడింతలు పెద్దది కావాలి" అని ఎవరైనా ఫైలు పట్టుకొస్తే, ముందు కూర్చోబెట్టి మంచినీళ్లిస్తాను. సంతకం మాత్రం పెట్టను. మీరు పెడతారా?

రాత్రిగువ్వ:
డబ్బు సంగతి సరే, ముందు ప్రాణాల సంగతి. 2008 సెప్టెంబరు 10న ఎల్‌హెచ్‌సీ మొదలుపెడుతున్నారని, బ్లాక్‌హోల్ పుట్టి భూమిని మింగేస్తుందని ఒకటే గోల. అప్పుడు నేను ఏడో తరగతి. దుప్పటి ముసుగేసుకుని, తెల్లారుతుందో లేదో అని టెన్షన్‌తో పడుకున్నాను. తెల్లారింది. కానీ ఎందుకు భయపడక్కర్లేదో ఎవరూ సరిగ్గా చెప్పలేదు, నవ్వారంతే. ఇప్పుడు దానికి ఏడు రెట్ల శక్తి అంటున్నారు. ఈసారైనా నవ్వకుండా చెప్పండి.

బొంగరం:
నవ్వను. పీహెచ్‌డీ రోజుల్లో నేను కణాల ఢీలను నమోదు చేసే డిటెక్టర్ల డేటా మీద పనిచేశాను. ఆ రంగం వదిలేసి చాలా ఏళ్లయింది, ఎఫ్‌సీసీ కట్టినా కట్టకపోయినా నాకు పైసా లాభం లేదు. ఇది ముందే చెప్పడం మంచిది.

మీరు ముసుగేసుకున్న ఆ రాత్రి అక్కడ ప్రోటాన్లను ఢీకొట్టించనే లేదు. పుంజాన్ని సొరంగం చుట్టూ తిప్పి చూశారు, అంతే. తొమ్మిది రోజులకే యంత్రం పాడైంది. ఢీకొట్టించింది 2009 నవంబరులో.

ఇక శక్తి. ఎల్‌హెచ్‌సీలో ఒక ఢీలో ఉండేది 14 టీఈవీ లోపే. ఒక టీఈవీ అంటే ఎగురుతున్న ఒక దోమకుండే శక్తి. దోమకన్నా ఎన్నో కోట్ల రెట్లు చిన్న చోట అదంతా కూరుకుపోవడమే ఇక్కడ విశేషం. అయినా ప్రకృతికి ఇది కొత్త కాదు. అంతరిక్షం నుంచి దూసుకొచ్చే కణాలు, అంటే విశ్వకిరణాలు, భూమి వాతావరణాన్ని ఎప్పుడూ కొడుతూనే ఉన్నాయి. 1991లో అమెరికాలోని యూటాలో నమోదైన ఒక్క కణంలో ఉన్న శక్తి సుమారు 50 జౌళ్లు. అది గాలిలోని ఒక ప్రోటాన్‌ను ఢీకొట్టినప్పుడు తేలే శక్తి ఎల్‌హెచ్‌సీకి దాదాపు 50 రెట్లు. అంటే ఎఫ్‌సీసీ కన్నా కూడా ఎక్కువే. భూమి పుట్టినప్పటి నుంచీ ఈ బాదుడు సాగుతోంది, మనం ఉన్నాం.

అడ్డలెక్క:
ఆగండాగండి. ఈ విశ్వకిరణాల వాదన అందరూ చెప్పేదే, కానీ దానికో చిల్లు ఉంది. ఆకాశం నుంచి వచ్చిన కణం నిలకడగా ఉన్న గాలిని కొడితే, పుట్టినది కూడా అదే వేగంతో భూమిలోంచి అటు దూసుకుపోతుంది. కొలైడర్‌లో రెండు పుంజాలు ఎదురెదురుగా వస్తాయి, కాబట్టి పుట్టింది నెమ్మదిగా ఉండి ఇక్కడే చిక్కుకోవచ్చు. రెండూ ఒకటెలా అవుతాయి?

బొంగరం:
మంచి ప్రశ్న. దీన్ని పక్కకు తోసేసే వాళ్లను చూస్తే నాకూ చిరాకే.

ఆ చిల్లును భౌతికశాస్త్రవేత్తలు ముందే చూశారు. 2008లో గిడింగ్స్, మాంగానో అనే ఇద్దరు దీని మీదే పెద్ద పరిశోధన పత్రం రాశారు. వాళ్ల దారి ఇదీ: సరే, బ్లాక్‌హోల్స్ పుడతాయనే అనుకుందాం. అవి ఆవిరైపోతాయని భౌతికశాస్త్రవేత్త హాకింగ్ చెప్పాడు, అలా ఆవిరైపోవనీ అనుకుందాం (ఆ ఆవిరైపోవడాన్ని ఇంతవరకూ ఎవరూ ప్రయోగంలో చూడలేదు, నిజమే). భూమిలోంచి దూసుకుపోయేవి తెల్ల మరుగుజ్జులు, న్యూట్రాన్ నక్షత్రాలు అనే, ఆయువు తీరి కుదించుకుపోయిన నక్షత్రాల్లోంచి దూసుకుపోలేవు. అక్కడ పదార్థం అంత చిక్కన, చెంచాడు టన్నుల్లో తూగుతుంది. చిక్కుకుంటే లోపలి నుంచి తినేయాలి. విశ్వకిరణాలు వాటినీ కోట్ల ఏళ్లుగా కొడుతున్నాయి. అయినా ఎంతో వయసున్న బరువైన తెల్ల మరుగుజ్జులు ఆకాశంలో ఇప్పటికీ కనిపిస్తున్నాయి. అంటే భూమిని త్వరగా మింగగల రకం బ్లాక్‌హోల్ లేనట్టే.

అడ్డలెక్క:
ఇది బాగుంది, ఒప్పుకున్నాను. కానీ నా అసలు పేచీ వేరు. తన పెరుగు పుల్లనని ఎవరంటారు? భద్రతా నివేదిక రాయించింది సెర్న్, రాసింది ఆ రంగం వాళ్లే.

ఎల్‌హెచ్‌సీకి ముందు అమెరికాలోని బ్రూక్‌హేవెన్ కొలైడర్ గురించి ఇదే గొడవ నడిచింది. వింత పదార్థపు ముద్ద పుట్టి అన్నిటినీ తనలా మార్చేస్తుందేమోనన్న భయం అప్పటిది. అప్పుడు ఒక బృందం, ప్రమాదం 5 కోట్లలో ఒక వంతు కన్నా తక్కువే అని హద్దు గీసి, ఇక నిశ్చింత అంది. కేంబ్రిడ్జ్ భౌతికశాస్త్రవేత్త ఏడ్రియన్ కెంట్ ఆ సంఖ్యను అప్పటి జనాభా 600 కోట్లతో గుణించి చూపించాడు. సగటు లెక్కన 120 ప్రాణాలు. 120 మంది చనిపోయే అవకాశం ఉన్న ప్రయోగానికి ఎవరైనా అనుమతిస్తారా? తర్వాత ఆక్స్‌ఫర్డ్‌లో ముగ్గురు ఇంకో మెలిక పెట్టారు: కోట్లలో ఒక వంతు అని చెప్పే లెక్కే తప్పయ్యే అవకాశం కోట్లలో ఒక వంతు కాదు కదా, అని.

బొంగరం:
ఆ 5 కోట్లలో ఒక వంతు అనేది ప్రమాదం అంత ఉందన్న అంచనా కాదు, అంతకు మించి లేదన్న పైహద్దు. రెండింటికీ చాలా తేడా ఉంది. కానీ ఎంత ప్రమాదం వరకూ సహించవచ్చో పని మొదలెట్టకముందే, బయటివాళ్లతో కలిసి తేల్చుకోవాలన్న కెంట్ మాటకు నా దగ్గర జవాబు లేదు. నిజానికి అలా జరగలేదు.

పాత సంచిక:
భూమి సంగతి దేవుడెరుగు, పక్కన నిలబడ్డవాడి సంగతి చెబుతాను. 1978 జులై, సోవియట్ యూనియన్‌లోని ప్రొత్వినో. అనతోలీ బుగోర్స్కీ అనే యువ శాస్త్రవేత్త, ప్రోటాన్లకు వేగం పెంచే యంత్రంలో పాడైన పరికరం చూద్దామని లోపలికి తల వంచాడు. యంత్రం నడుస్తోందని హెచ్చరించాల్సిన ఏర్పాటు పనిచేయలేదు. ప్రోటాన్ పుంజం తల వెనక నుంచి దూరి ముక్కు పక్కనుంచి బయటికొచ్చింది. వెయ్యి సూర్యుళ్ల కన్నా ఎక్కువ వెలుగు కనిపించిందన్నాడు, నొప్పి మాత్రం తెలియలేదట. ముఖం సగం వాచిపోయింది, చర్మం ఊడింది, బతకడనుకున్నారు. బతికాడు. ఎడమ చెవికి వినికిడి పోయింది, ముఖం ఎడమవైపు చచ్చుబడింది. తర్వాత డాక్టరేట్ కూడా పూర్తి చేశాడు.

ఎల్‌హెచ్‌సీ 2008 సెప్టెంబరు 19న ఆగింది కూడా ఏ బ్లాక్‌హోల్ వల్లో కాదు. రెండు అయస్కాంతాల మధ్య కరెంటు కనెక్షన్‌లో ఒక అతుకు సరిగ్గా పడలేదు. అక్కడ నిప్పురవ్వ లేచి హీలియం తొట్టికి చిల్లు పడింది, సుమారు 6 టన్నుల చల్లటి హీలియం సొరంగంలోకి పొంగింది. టన్నుల బరువున్న అయస్కాంతాలు చోటు నుంచి కదిలిపోయాయి, 53 అయస్కాంతాలను పైకి తెచ్చి బాగుచేయాల్సి వచ్చింది. ఆ సమయంలో లోపల మనుషులెవరూ లేరు. భయపడాలంటే ఇలాంటివాటికి భయపడాలి బాబూ.

రాత్రిగువ్వ:
బుగోర్స్కీ కథ విన్నాక ఇవాళ కూడా నిద్ర పట్టదు. థ్యాంక్స్ మాస్టారూ.

కొత్తబ్యాచ్:
మనం ఇప్పుడు మాట్లాడుకుంటున్న వెబ్ సెర్న్‌లోనే పుట్టింది కదండీ? 1989లో టిమ్ బెర్నర్స్-లీ ప్రతిపాదించారు, 1993లో అందరికీ ఉచితంగా ఇచ్చేశారు. ఆ ఒక్కదానికే 1,500 కోట్ల ఫ్రాంకులు ఎన్నిసార్లో వసూలయ్యాయి.

చుక్కాని:
ఈ మాట వస్తుందని మొదటి పోస్టు రాసేటప్పుడే అనుకున్నాను. విందు భోజనం బాగుంటుందని పెళ్లి చేసుకుంటారా ఎవరైనా? వెబ్ పుట్టింది వేలమంది కాగితాలు ఒకరికొకరు పంచుకోలేక పడ్డ అవస్థ నుంచి. దానికి సొరంగం అక్కర్లేదు. వెబ్ కావాలంటే వెబ్‌కే డబ్బివ్వండి.

బొంగరం:
దీనిలో నేను చుక్కాని గారి వైపే. యాక్సిలరేటర్లు, అంటే కణాలకు వేగం పెంచే యంత్రాలు, క్యాన్సర్ చికిత్సకు పనికొచ్చాయి, విశ్వకిరణాల నుంచి పుట్టే మ్యూయాన్లనే కణాలతో 2017లో గిజా పెద్ద పిరమిడ్‌లో దాగిన ఖాళీ బయటపడింది, అన్నీ నిజమే. కానీ ఉప ఫలితాలు చూపించి యంత్రం అడగడం నాకు నచ్చదు. అడిగితే సూటిగా అడగాలి.

సూటిగా అంటే ఇలా. హిగ్స్ మనకు తెలిసిన మిగతా కణాల్లాంటిది కాదు. అది తనతో తాను ఎంత బలంగా ముడిపడి ఉందో మనకింకా సరిగ్గా తెలియదు. విశ్వం తొలి క్షణాల్లో కణాలకు ద్రవ్యరాశి ఎలా వచ్చిందో ఆ ముడిలోనే ఉంది. ఎల్‌హెచ్‌సీలో దాదాపు వంద కోట్ల ఢీలకు ఒక హిగ్స్ పుడుతుంది, మిగతాదంతా చెత్త. ఆ చెత్తలో వెతుకుతూ నేను నాలుగేళ్లు గడిపాను కాబట్టి చెబుతున్నా, ఎలక్ట్రాన్‌ను దాని ధనావేశపు జోడీ అయిన పాజిట్రాన్‌తో ఢీకొట్టించే ఎఫ్‌సీసీ మొదటి దశలో ఆ చెత్త దాదాపు ఉండదు. ఎలుకే అనుకోండి చుక్కాని గారూ, కానీ ఇది ఇల్లంతా పునాది నుంచి తొలిచిన ఎలుక.

చుక్కాని:
ఆ ముడి సంగతి మొదటి దశలో నేరుగా తేలుతుందా?

బొంగరం:
నేరుగా కాదు. పరోక్షంగా కొంత. నేరుగా బాగా కొలిచేది ప్రోటాన్ల దశే.

చుక్కాని:
అంటే 2070లలో. చూశారా, సంతకం ఎందుకు పెట్టనన్నానో? పైగా ఇది భౌతికశాస్త్రం తెలియనివాళ్ల గొణుగుడేమీ కాదు. అమెరికా టెక్సస్‌లో 87 కి.మీ. కొలైడర్ మొదలెట్టినప్పుడు వ్యతిరేకించినవాళ్లలో నోబెల్ గ్రహీత ఫిలిప్ ఆండర్సన్ ఉన్నాడు. 1993లో దాన్ని ఆపేసేటప్పటికే 200 కోట్ల డాలర్లు, 20 కి.మీ. పైచిలుకు సొరంగం అయిపోయాయి. చైనా ఇలాంటిదే కడదామనుకుంటే 2016లో వద్దన్నది ఇంకో నోబెల్ గ్రహీత, చెన్ నింగ్ యాంగ్.

కరెంటు సంగతి వేరే చెప్పాలా? 2022లో యూరప్‌లో ఇంధన కొరత వచ్చినప్పుడు సెర్న్ ఆ ఏడాది పని రెండు వారాల ముందే ముగించాల్సి వచ్చింది.

కొత్తబ్యాచ్:
నాకిప్పుడు ఇరవై. కణ భౌతికశాస్త్రమే చదవాలని ఉంది. 2070లకు అరవై దాటేస్తాయి. మా బ్యాచ్ వాళ్లం జీవితమంతా యంత్రం కట్టి, డేటా వచ్చేసరికి రిటైరవుతాం. దీని గురించి ఎవరూ మాట్లాడరేం?

బొంగరం:
మాట్లాడాలమ్మా. పెద్ద యంత్రం ఒక్కటే దారి కూడా కాదు. ఎలక్ట్రాన్‌లో విద్యుదావేశం కాస్తయినా ఒక పక్కకు ఒరిగి ఉందా అని ఒక గదిలో పట్టే పరికరాలతో కొలుస్తున్నారు. ఇంతవరకూ ఒరగలేదు, అయినా ఆ ఒక్క కొలతతోనే ఎన్నో కొత్త సిద్ధాంతాలకు చోటు లేకుండా పోయింది. ఎల్‌హెచ్‌సీని ఇంకా జోరు పెంచి 2030 నుంచి నడపాలని చూస్తున్నారు. నేనైతే అందులో ఏం తేలుతుందో చూశాక సొరంగం సంగతి మాట్లాడమంటాను. దీనికి నా పాత స్నేహితులు నన్ను తిడతారు, అప్పటికి ఆలస్యమై నిపుణులంతా చెదిరిపోతారని వాళ్ల బాధ. టెక్సస్‌లో అదే జరిగింది కాబట్టి పూర్తిగా కొట్టేయలేను.

రాత్రిగువ్వ:
బొంగరం గారూ, చిన్న సందేహం. మీరు చెప్పిన తెల్ల మరుగుజ్జును నేను కళ్లతో చూడొచ్చా?

బొంగరం:
ఉత్త కళ్లతో కుదరదు. రాత్రి ఆకాశంలో నక్షత్రాలన్నిటికన్నా మెరిసే సిరియస్ పక్కనే ఒకటుంది, సిరియస్ బి. ఇంచుమించు మన సూర్యుడంత బరువు, భూమంత సైజు. కాస్త పెద్ద టెలిస్కోపు, కదలకుండా నిలిచిన గాలి కావాలి. సిరియస్ వెలుగు కళ్లలో కొడుతుంది, అందుకని ఓపిగ్గా దాని అంచున వెతకాలి. చిన్న తెల్ల చుక్క.

రాత్రిగువ్వ:
మా ఆస్ట్రానమీ క్లబ్బులో పెద్దదొకటి ఉంది. శనివారం వెళ్తున్నా.