ఆరో తరగతికి ప్రైవేటు స్కూలు: డబ్బు కట్టే ముందు ఏమేమి చూసుకోవాలి?

ప్రశ్న – ఒక తల్లి, ఖానాపురం హవేలీ, ఖమ్మం

మా అమ్మాయి మా వీధి చివరనున్న చిన్న ప్రైవేటు స్కూల్లో ఐదో తరగతి చదువుతోంది. ఆ స్కూలుకు ఐదో తరగతి వరకే అనుమతి ఉంది కాబట్టి జూన్‌లో వేరే చోట చేర్పించక తప్పదు. సంక్రాంతి సెలవులు పూర్తి కాకముందే మూడు స్కూళ్ల వాళ్లు మా ఇంటికి వచ్చి మాట్లాడి వెళ్లారు.

మొదటిది వైరా రోడ్డు వైపున్న కార్పొరేట్ స్కూలు. ఆరో తరగతి నుంచే ఐఐటీ ఫౌండేషన్, అంటే ఐఐటీ ప్రవేశ పరీక్షకు పునాది పాఠాలు చెబుతామంటున్నారు. ఫీజు ఏడాదికి 70,000. రెండోది బైపాస్ దగ్గర కొత్తగా కట్టిన పెద్ద భవనం. గేటు మీద సీబీఎస్ఈ కరిక్యులం అని రాసి ఉంది. ఫీజు 60,000, బస్సు చార్జీ అదనం. మూడోది చాలా ఏళ్లుగా నడుస్తున్న స్టేట్ సిలబస్ స్కూలు; ఫీజు 35,000, భవనం పాతదే అయినా మంచి ఆటస్థలం ఉంది. మా ఆయనది ప్రైవేటు ఉద్యోగం, నేను ఇంట్లో బట్టలు కుడతాను. అమ్మాయి తెలుగు కథల పుస్తకాలు ఇష్టంగా చదువుతుంది కానీ లెక్కలంటే బెదిరిపోతుంది. ఈ నెలాఖరులోగా 10,000 కడితే రాయితీ ఇస్తామని మొదటి రెండు స్కూళ్ల వాళ్లూ రోజూ ఫోన్ చేస్తున్నారు. ఇలాంటి నిర్ణయం తీసుకున్నవారు, స్కూళ్లలో పనిచేసినవారు దయచేసి వివరంగా చెప్పగలరు.

సమాధానం – ప్రైవేటు హైస్కూళ్లలో లెక్కలు బోధించిన ఉపాధ్యాయుడు, సూర్యాపేట

అమ్మా, ముందుగా ఆ నెలాఖరు గడువు గురించి కంగారు పడకండి. జనవరి నుంచి జూన్ 12న బడులు తెరిచేదాకా అడ్మిషన్లు సాగుతూనే ఉంటాయి. చాలా స్కూళ్లలో టీచర్లకే ఇన్ని అడ్మిషన్లు తేవాలని టార్గెట్ పెడతారు. మీకు రోజూ ఫోన్ చేస్తున్నవారిలో పాఠం చెప్పే టీచరు కూడా ఉండవచ్చు. వారి మీద కోపం అవసరం లేదు గానీ ఆ ఒత్తిడికి లొంగి డబ్బు కట్టవలసిన అవసరమూ లేదు.

నేను చెప్పదలచిన ముఖ్యమైన మాట ఒక్కటే. స్కూలు పేరును కాకుండా, మీ అమ్మాయి కూర్చోబోయే ఆ గదిని, ఆ గదిలో పాఠం చెప్పబోయే మనిషిని చూసి నిర్ణయం తీసుకోండి. ఇందుకు నాకు తెలిసినంతలో నోటుపుస్తకాన్ని మించిన ఆధారం లేదు. మీ వీధిలోనో బంధువుల్లోనో ఆ స్కూల్లో ఇప్పుడు ఆరో తరగతి చదువుతున్న పిల్లలు ఇద్దరు తప్పకుండా దొరుకుతారు. వారి లెక్కల నోటుపుస్తకాలు అడిగి తీసుకుని పక్కపక్కన పెట్టి చూడండి. రెండింటిలోనూ ఒకే లెక్క, అవే మెట్లు, అదే చోట గీత, కింద ఎర్ర సిరాతో ఒక పెద్ద టిక్కు, తేదీ మాత్రమే కనిపిస్తే పిల్లలు బోర్డు మీదిది ఎక్కించుకున్నారే తప్ప సొంతంగా చేయలేదని అర్థం. అలా కాకుండా ఒక పిల్లవాడు భిన్నాల కూడికలో హారాలను కూడా కలిపేసి ఉంటే, టీచరు దాని చుట్టూ సున్నా చుట్టి, పక్కన చిన్న బొమ్మ గీసి, మళ్లీ చేయించి, ఆ రెండోసారి చేసినదాన్ని కూడా దిద్ది ఉంటే ఆ టీచరు చేతిలో మీ అమ్మాయిని నిశ్చింతగా పెట్టవచ్చు. లెక్కలంటే బెదిరే పిల్లకు ఫౌండేషన్ మెటీరియల్ కన్నా ఆ దిద్దుబాటే ఎక్కువ మేలు చేస్తుంది.

ఆ తర్వాత ప్రిన్సిపాల్‌ను కలిసినప్పుడు సెక్షన్ల గురించి అడగండి. మార్కులను బట్టి సెక్షన్లు విడదీసే పద్ధతి మన దగ్గర విపరీతంగా ఉంది. అనుభవమున్న టీచర్లను పై సెక్షన్‌కు కేటాయించి, కింది సెక్షన్లకు కొత్తగా చేరినవారిని పంపే స్కూళ్లలో నేనే పనిచేశాను. ఫ్లెక్సీ మీద కనిపించే ర్యాంకులు ఆ పై సెక్షన్ పిల్లలవి, అందులోనూ చాలావరకు వేరే ఊళ్ల బ్రాంచీల పిల్లలవి. కాబట్టి మీ అమ్మాయిని ఏ సెక్షన్‌లో వేస్తారో, అక్కడ లెక్కలు ఎవరు చెబుతారో, వారు ఆ స్కూల్లో ఎన్నేళ్లుగా ఉన్నారో అడగండి. ఏడాది మధ్యలో ముగ్గురు లెక్కల టీచర్లు మారిన తరగతిలో పిల్లలు ఎంత నష్టపోతారో నేను కళ్లారా చూశాను. ఆ నష్టం పై తరగతుల్లో బీజగణితం బరువెక్కినప్పుడు గానీ బయటపడదు.

2009 నాటి విద్యాహక్కు చట్టం ప్రకారం ఆరు నుంచి ఎనిమిది తరగతుల్లో 35 మంది పిల్లలకు ఒక టీచరు ఉండాలి. గదిలో ఎన్ని బల్లలున్నాయో లెక్కపెడితే మీకే తెలిసిపోతుంది. అదే చట్టంలోని 13వ సెక్షన్, ప్రవేశం ఇచ్చేటప్పుడు పిల్లలనూ తల్లిదండ్రులనూ పరీక్షలతో వడపోయడాన్ని నిషేధించింది. మొదటిసారి తప్పు చేస్తే 25,000 వరకు, ఆపైన ప్రతిసారీ 50,000 వరకు జరిమానా ఉంది. టెస్టు రాయించి, మార్కులు తక్కువని సీటు నిరాకరించే స్కూలు మీ పిల్లకు అక్కర్లేదు.

సమాధానం – ఒక గృహిణి, హన్మకొండ

మాస్టారు చెప్పినవన్నీ నిజమే. నేను రెండో స్కూలు గురించి మాత్రమే రాస్తున్నాను, ఎందుకంటే మా అక్కవాళ్ల అబ్బాయి విషయంలో సరిగ్గా ఇదే జరిగింది.

గేటు మీద సీబీఎస్ఈ కరిక్యులం అని రాసి ఉంటే ఆ స్కూలుకు సీబీఎస్ఈ గుర్తింపు ఉన్నట్టు కాదు. సీబీఎస్ఈ స్కూళ్లలో వాడే ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాలు ఏ స్కూలైనా కొని చెప్పవచ్చు. పదో తరగతి బోర్డు పరీక్షకు పిల్లల పేర్లను తొమ్మిదో తరగతిలోనే సీబీఎస్ఈ దగ్గర నమోదు చేయాలి, గుర్తింపు లేని స్కూలు ఆ పని చేయలేదు. అక్కవాళ్లకు ఈ సంగతి అబ్బాయి తొమ్మిదిలో చేరాక తెలిసింది. అప్పుడు యాజమాన్యం రెండు దారులు చూపించింది: వేరే ఊళ్లోని మరో స్కూలు పేరుతో పరీక్ష రాయించడం, లేదా స్టేట్ సిలబస్‌కు మారడం. మొదటిది నిబంధనలకు విరుద్ధం. తన దగ్గర నిజంగా చదవని పిల్లలను ఏ స్కూలూ తమవారిగా చూపి పరీక్షకు పంపకూడదు. చివరకు అబ్బాయి స్టేట్ సిలబస్‌కు మారి, అంతవరకూ రెండో భాషగా పెద్దగా పట్టించుకోని తెలుగును ఒక్కసారిగా పూర్తి స్థాయిలో చదవాల్సి వచ్చి, ఆ ఏడాదంతా నలిగిపోయాడు.

మీరు చేయవలసినది సులువే. సీబీఎస్ఈ వారి సారస్ పోర్టల్‌లో జిల్లా పేరుతో వెతికితే గుర్తింపు ఉన్న స్కూళ్ల జాబితా వస్తుంది. అందులో పేరు కనిపించినా ఆగిపోకుండా, ఆ గుర్తింపు ఏ తరగతి వరకు ఉందో, ఏ సంవత్సరం వరకు ఉందో కూడా చదవండి. గుర్తింపు ఉన్న ప్రతి స్కూలూ తన వెబ్‌సైట్లో ఫీజులు, టీచర్ల సంఖ్య, అగ్నిమాపక ధ్రువపత్రం, భవన భద్రతా పత్రం, గడచిన మూడేళ్ల ఫలితాలు తప్పనిసరిగా పెట్టాలని బోర్డు నియమం. స్టేట్ సిలబస్ స్కూలైతే ప్రతి స్కూలుకూ ప్రభుత్వం ఇచ్చే 11 అంకెల యూడైస్ కోడ్ అడిగి తీసుకుని, యూడైస్ ప్లస్ వారి నో యువర్ స్కూల్ పేజీలో చూస్తే ఏ తరగతుల వరకు నడుస్తోంది, ఎంతమంది టీచర్లు, ఎన్ని గదులు అన్నది తెలుస్తుంది. సందేహముంటే జిల్లా విద్యాశాఖాధికారి (డీఈవో) కార్యాలయంలో అడగవచ్చు.

అమ్మాయికి తెలుగు ఇష్టమన్నారు కదా, ఇంకొక్క మాట. 2018లో తెలంగాణ చేసిన చట్టం ప్రకారం ఏ బోర్డు స్కూలైనా పదో తరగతి వరకు తెలుగు చెప్పాలి. వారానికి ఎన్ని పీరియడ్లు, ఆ టీచరు తెలుగు పండితులేనా అని అడగడానికి మొహమాటపడకండి.

ప్రశ్న అడిగిన తల్లి

ఇద్దరికీ ఎంతో కృతజ్ఞతలు. హన్మకొండ అక్కగారు చెప్పినట్టు చూశాను. బైపాస్ స్కూలు పేరు సీబీఎస్ఈ జాబితాలో లేదు. ఫోన్ చేసి అడిగితే, దరఖాస్తు పెట్టామని, అమ్మాయి తొమ్మిదికి వచ్చేనాటికి వచ్చేస్తుందని చెప్పారు. ఆ మాట మీద నమ్మకం పెట్టుకోలేను కాబట్టి ఆ స్కూలును పక్కన పెట్టాం. మూడో స్కూల్లో చదివే పిల్ల నోటుపుస్తకం మా పక్కింట్లో దొరికింది. మాస్టారు వర్ణించినంత కాకపోయినా, తప్పులను దిద్దిన గుర్తులున్నాయి. కార్పొరేట్ స్కూలు వాళ్లు నోటుపుస్తకం చూపించలేదు, వీకెండ్ టెస్టుల మార్కుల పట్టిక మాత్రం చూపించారు.

ఇప్పుడు మా బావగారు ఇంకో మాట తెచ్చారు. తొమ్మిదో తరగతి నుంచి విజయవాడలో రెసిడెన్షియల్‌లో వేస్తే ఇంటర్ దాకా ఒకే చోట సాగుతుందని, ఎంబీబీఎస్ సీటుకు అదే మంచి దారి అని అంటున్నారు. ఆ ఆలోచన ఇప్పటినుంచే పెట్టుకోవచ్చా? ఫీజు, బస్సు విషయంలో కూడా ఏం చూడాలో చెప్పండి.

సమాధానం – ఇద్దరు పిల్లల తండ్రి, కోదాడ

ఫీజును ఈ ఏడాదికి మాత్రమే చూడకుండా పదో తరగతి దాకా లెక్కగట్టండి. 60,000 ఫీజు ఏటా పది శాతం పెరిగితే ఐదేళ్లకు మొత్తం 3,66,000 దాటుతుంది. పుస్తకాలు, యూనిఫాం, బస్సు ఇందులో లేవు. గడచిన మూడేళ్లలో ఎంతెంత పెంచారో పాత విద్యార్థుల తల్లిదండ్రుల దగ్గరున్న రసీదులు చూస్తే తెలుస్తుంది. అడ్మిషన్ ఫీజు తిరిగి ఇస్తారా లేదా అన్నది కాగితం మీద రాయించుకోండి.

బస్సు విషయంలో మాత్రం ఎవరి మాటా నమ్మకండి. 2014 జూలై 24న మాసాయిపేట వద్ద కాపలా లేని రైల్వే గేటు దాటుతున్న స్కూలు బస్సును రైలు ఢీకొని పిల్లలు చనిపోయిన ఘటన మన రాష్ట్రంలో ఎవరూ మరిచిపోలేనిది. మీ వీధికి వచ్చే బస్సు నంబరు రాసుకుని ఎంపరివాహన్ యాప్‌లో కొడితే ఫిట్‌నెస్ ఏ తేదీ వరకు ఉందో, బీమా ఉందో లేదో కనిపిస్తుంది. సాయంత్రం బడి వదిలే వేళకు గేటు దగ్గర నిలబడి, ఒక బస్సులో ఎంతమందిని ఎక్కిస్తున్నారో, పిల్లలను దించడానికి ఆయా ఉందో లేదో స్వయంగా చూడండి.

సమాధానం – సూర్యాపేట ఉపాధ్యాయుడు

అమ్మా, విజయవాడ సంగతి మీ బావగారు మంచి మనసుతోనే చెప్పి ఉంటారు. అయితే 2024 జూలైలో తెలంగాణ ప్రభుత్వం ఇచ్చిన జీవో 33 ప్రకారం, ఇక్కడి ఎంబీబీఎస్ సీట్లలో స్థానిక విద్యార్థిగా పరిగణించాలంటే తొమ్మిది నుంచి ఇంటర్ రెండో సంవత్సరం వరకు వరుసగా నాలుగేళ్లు తెలంగాణలోనే చదివి, ఇక్కడే ఇంటర్ ఉత్తీర్ణులై ఉండాలి. 2025లో సుప్రీంకోర్టు ఆ నిబంధనను సమర్థించింది. ఖమ్మం సరిహద్దు జిల్లా కావడం వల్ల, విజయవాడ దగ్గరే కదా అని పంపిన కుటుంబాలు ఈ నిబంధన వల్ల చాలా ఆందోళన పడ్డాయి. వైద్యవిద్య మీద ఏమాత్రం ఆశ ఉన్నా తొమ్మిదో తరగతి నుంచి పిల్లను రాష్ట్రం దాటించకండి.

నోటుపుస్తకం చూశారు కాబట్టి నా మొగ్గు మూడో స్కూలు వైపే. చేర్పించే ముందు ఆ లెక్కల టీచర్ని ఒకసారి కలిసి, అమ్మాయికి ఎక్కడ బెదురు మొదలైందో చెప్పండి. గుణకారం, భాగహారం, భిన్నాలు ఈ మూడింటిలోనే సాధారణంగా చిక్కు ఉంటుంది. వేసవి సెలవుల్లో ఆ మూడింటినీ రోజూ అరగంట చేయించమని, జూన్‌లో మొదటి నెల ఆమెను ముందు వరుసలో కూర్చోబెట్టమని అడగండి. ఆ టీచరు మీ మాటను ఓపికగా విని, మీ అమ్మాయి పాత నోటుపుస్తకం చూపించమని తానే అడిగితే ఇక వెతకడం మానేసి అక్కడే చేర్పించండి.